ఈ ఏడు ఏం చేసినవ్ అని అడిగే సారు

సారు పోయారన్న కబురు నాకు కిష్టయ్య చెప్పాడు. కిష్టయ్య బస్సు డ్రైవరు, నాలాగే సారు దగ్గర ఇంటర్ చదివినవాడు. పొద్దున తొమ్మిది గంటలప్పుడు ఫోన్ చేశాడు. జడ్చర్ల బస్టాండుకు ఎదురుగా నాకో జిరాక్స్ దుకాణం ఉంది. పరీక్షల రోజులు కావడంతో హాల్‌టికెట్ల కోసం పిల్లలు బల్ల మీదికి ఎగబడుతున్నారు.

"సార్ పోయిండక్కా," అన్నాడు.

"ఏడికి?" అన్నాను.

ఆర్నెల్లుగా సారు మంచం దిగలేదని నాకు తెలుసు. రెండుసార్లు పోయి చూసొచ్చాను కూడా. అయినా నోట్లోంచి ఆ మాటే వచ్చింది. ఎనభై దాటినా ఆయన ఎప్పుడూ ఏదో ఒక బస్సెక్కి ఎక్కడికో ఒకచోటికి పోతూ ఉండేవారు. సారు ఊళ్లో లేరంటే ఆశ్చర్యం ఉండేది కాదు, అసలే లేరంటే అర్థం కాలేదు.

"తెల్లారంగ పానం ఇడిచిండక్కా. నేను డ్యూటీల ఉన్న, నువ్వు ముందుగాల పో," అన్నాడు.

దుకాణం మూయాలో వద్దో తెలియలేదు. పిల్లలను పొమ్మనలేక ఇంకో పది హాల్‌టికెట్లు తీసిచ్చాను. ఆ పదింటి మధ్యలో ప్రింటర్లోంచి ఇంకో కాగితం బయటికొచ్చింది. సారుకు చూపిద్దామని పొద్దున్నే నేను ప్రింటు పెట్టిన ఈమెయిల్ అది, అమెరికా నుంచి వచ్చింది. సారు పడుచుతనంలో చదివిన అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్లు రాశారు. అక్కడ చదివి పేరు తెచ్చుకున్నవాళ్లు, దాన్ని నడిపించిన పెద్దలు, వీళ్లందరి ఫొటోలూ పెట్టే జాబితా ఒకటుంది. అందులో ఈయన పేరు చేర్చదలచుకున్నామని, ఫొటో కింద వేసే వాక్యం సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పమని అడిగారు. ఆ వాక్యం తెలుగులో దాదాపు ఇలా ఉంటుంది: పల్లెల్లో బోరు మోటార్లు బాగుచేసి, ఏళ్ల తరబడి ఒక్క ప్రమాదం లేకుండా బస్సు నడిపి, వందల కాన్పులు చేసి, చీరలు నేసి, ఒక చిన్న దుకాణాన్ని కూడా నిలబెట్టిన మనిషి.

ఇందులో ఒక్కటి కూడా సారు చేసింది కాదు. ఆయన చేసినట్టు వాళ్లకు తోచేలా చేసింది నేను. ఈ మాట సారు ఉండగా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సారు పేరు మాత్రం ఈ వ్యాసంలో రాయను. ఆయన తన పేరు ఏ కాగితంలోనూ రాయించుకోలేదు. ఆ ఒక్క విషయంలోనన్నా ఆయన మాట వింటాను.

సారు మా జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. ఆయన పాఠం చెప్పిన ఆఖరి బ్యాచ్ మాది. ఉద్యోగంలో చేరకముందు జొన్న పంట మీద చదువు కోసం అమెరికాకు పోయి, రెండేళ్లుండి తిరిగొచ్చారు. అమెరికా పోయొచ్చిన మనిషి అంటే మేం ఏమేమో ఊహించుకున్నాం. సారు మోచేతుల దగ్గర దారాలు లేచిన చొక్కా వేసుకుని, జేబులో పెన్సిల్ ముక్కతో వచ్చారు. మొదటిరోజే ఒక పిల్ల లేచి, అమెరికాలో ఏం చూశారని అడిగింది.

"గోడ చూసిన," అన్నారు.

ఆ గోడ సంగతి మాకు రెండేళ్లూ చెప్పారు. అక్కడి పెద్ద భవనంలో పొడుగాటి వసారా ఉండేదట. గోడ నిండా ఫొటోలు. పాలమూరు ఎండల్లో పెరిగిన ఒళ్లు ఆ చలికి తట్టుకోలేక, క్లాసుకూ క్లాసుకూ మధ్య సారు ఆ వసారాలో నిలబడేవారట, అక్కడ వెచ్చగా ఉంటుందని. నిలబడి నిలబడి ఫొటోల కింద రాసిందంతా కంఠతా వచ్చేసింది. ఒకాయన గవర్నర్ అయ్యాడు. ఒకాయన ఆకాశంలోకి పోయి వచ్చాడు. ఒకామె పాలపొడి కంపెనీ పెట్టింది. ఆ విశ్వవిద్యాలయాన్నే నడిపించిన ఒకాయన, అక్కడే చదువుకునే రోజుల్లో ఆవుల కొట్టం ఊడ్చేవాడు. మాకు మా ఎమ్మెల్యే ఎవరో సరిగ్గా తెలియదు కానీ ఆవుల కొట్టం ఊడ్చినాయన బాగా తెలుసు. ఆకు భాగాలు చెప్పమంటే తడబడేవాళ్లం, ఆ గోడ మీద ఎవరి పక్కన ఎవరున్నారో గడగడా చెప్పేవాళ్లం.

"ఫొటో కింద ఒక్క లైనే ఉంటది," అనేవారు సారు. "మనిషంతా ఒక్క లైన్ల వడ్తడా?"

పడతాడో లేదో మాకేం తెలుసు. మా బాధ వేరే. ఒకరోజు కిష్టయ్యే అడిగాడు, "మీ ఫొటో గూడ పెడ్తరా సార్ ఆ గోడకు?"

"నేనేం చేసిన్నని? చలికి నిలబడ్డ," అన్నారు సారు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా సారు ఫొటో ఆ గోడ మీద ఉండాలని నాకు ఆ రోజే గట్టిగా అనిపించింది. తర్వాత జరిగిందానికంతటికీ అదే కారణమేమోనని ఇప్పుడు అనుమానం.

రిటైరయ్యాక సారు ఒక అలవాటు పెట్టుకున్నారు. ఏటా ఎండాకాలం, తన దగ్గర చదివిన పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో అక్కడికల్లా పోయేవారు. ఉద్యోగంలో ఉండగా రెండు జిల్లాల్లో బదిలీలు తిరిగారు కాబట్టి ఆలంపూర్ నుంచి పోచంపల్లి దాకా ఎవరో ఒకరు ఉండేవారు. పోయి, ఇచ్చిన చాయ్‌లో సగం గ్లాసులో ఉంచుకుని, సగం సాసర్లో పోసి ఎదుటివాళ్లకే ఇచ్చి, "ఈ ఏడు ఏం చేసినవ్?" అని అడిగేవారు. చెప్పింది పెన్సిల్‌తో పాత కవర్ల వెనక రాసుకునేవారు. ముందు పేరు, పక్కన ఊరు, ఆ తర్వాత చేసిన పని.

చదువు ఆపేసినవాళ్లను కూడా అడిగేవారు. నిజానికి వాళ్లనే ఎక్కువగా అడిగేవారు. ఇంటర్ మధ్యలోనే పెళ్లయిపోయిన యాదమ్మ, మోటారు మెకానిక్ అయిన మొగుడు పడుకున్నప్పుడు అతను విప్పిపెట్టినవి చూసి చూసి బోరు మోటార్లకు వైండింగ్ చుట్టడం నేర్చుకుంది. ఇప్పుడు నాలుగు ఊళ్ల మోటార్లు ఆమె దగ్గరికే వస్తాయి. సువర్ణ ఆలంపూర్ దవాఖానలో నర్సు. పోచంపల్లిలో చీరలు నేసే ఒకాయన ఉన్నాడు. ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా సారు మగ్గం పక్కనే గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవారట.

నేను ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కాను. ఆ తర్వాత చాలా ఏళ్లు సారు వస్తున్నారంటే వెనక గుమ్మంలోంచి పక్కింటికి పోయి కూర్చునేదాన్ని. ఏం చెప్పాలి? ఒకసారి దొరికిపోయాను.

"ఏం లేదు సార్," అన్నాను.

"ఏం లేదంటే? మూడు వందల అరవై అయిదు దినాలు ఏడికి వోయినయ్?"

కోపంగా అనలేదు. నిజంగానే ఆ రోజులు ఎటుపోయాయో తెలుసుకుందామన్నట్టు అడిగారు. నాకు ఏడుపొచ్చింది. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు నేను దుకాణం పెట్టడానికి ఆ ప్రశ్న కూడా ఒక కారణమే. వచ్చే ఎండాకాలం ఆయనకు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలనుకున్నాను.

దుకాణం పెట్టాక ఒక ఏడు మా నాయిన మంచం పట్టాడు. దవాఖానకూ దుకాణానికీ మధ్య తిరగడంలోనే ఏడంతా పోయింది. నాయిన దక్కలేదు. ఆ ఎండాకాలం సారు వచ్చి అడిగారు. నా మొహం చూసి, తనే కవరు మీద రాసుకున్నారు. ఏం రాశారు సార్ అంటే చదివి వినిపించారు. "ఈ ఏడు దుకాణం మూయలేదు." నా గురించి ఎవరైనా అంత మంచి మాట రాయడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇక నా తప్పు సంగతి చెబుతాను.

దుకాణం పెట్టిన కొత్తలోనే అమెరికా నుంచి సారుకు ఒక ఉత్తరం వచ్చింది. పాత విద్యార్థులు ఏటా తమ విశేషాలు కంప్యూటర్లో నింపి పంపాలని, ఫలానా చోట ఫారం ఉందని. సారు ఆ ఉత్తరంతో పాటు ఆ ఏటి కవర్లన్నీ పట్టుకుని నా దగ్గరికొచ్చారు. కళ్లకు శుక్లాలు. తెర మీద అక్షరాలు ఆయనకు కనబడవు. చక్కటి ఇంగ్లీషులో ఆయన చెబుతుంటే నేను కొట్టాను. ఫారంలో 'మీరు సాధించినవి' అని ఒకటే గడి ఉంది. అందులో ఆయన తనది ఒక్క మాట కూడా చెప్పలేదు. ఫలానా ఊరి యాదమ్మ ఇన్ని మోటార్లు బాగుచేసింది, ఫలానా కిష్టయ్య ఇన్నేళ్లు ప్రమాదం లేకుండా నడిపాడు, అన్నీ ఇవే.

"మీది చెప్పలేదు సార్," అన్నాను.

"నాది ఇదే కద," అన్నారు.

సగం కూడా అవకముందే గడి చుట్టూ ఎర్ర గీత వచ్చింది. అక్షరాలు ఎక్కువయ్యాయట. సారుకు చెప్పాను, "కొందర్ని తీసెయ్యాలె సార్. ఎవర్ని తీసేద్దాం?"

ఆయన ఆ కవర్లను ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఒకటి పక్కన పెడతారు, మళ్లీ తెచ్చి ఇందులో కలుపుతారు. గంట గడిచింది. చాయ్ చల్లారిపోయింది. బల్ల దగ్గర జనం గొణుగుతున్నారు. ఎవరినీ తీసెయ్యడం ఆయన వల్ల కాలేదు. ఆ మొహం చూడలేక, "సరిపోయింది సార్, సర్దేసిన," అన్నాను.

సర్దింది ఏమిటంటే పేర్లు తీసేశాను. ఊళ్లు తీసేశాను. అమెరికాలో యాదమ్మ ఎవరో ఎవరికి తెలుసు, పనులుంటే చాలదా అనుకున్నాను. పనులన్నీ పట్టాయి. ఎర్ర గీత పోయింది. సారు ఎంతో సంబరంగా లేచి పోయారు. నా బుద్ధి గడ్డి తిన్నదని అప్పుడు తెలియలేదు.

మూడో ఏడో నాలుగో ఏడో వాళ్ల దగ్గర్నుంచి సారుకు ఒక ఉత్తరం వచ్చింది. మీరు ఇన్ని పనులు చేయడం మమ్మల్ని అబ్బురపరుస్తోంది, మా ప్రముఖుల జాబితాకు మీ పేరు పరిశీలనలో ఉంది అని. సారు ఆ ఉత్తరాన్ని నా దుకాణంలోనే భూతద్దం పెట్టుకుని చదివారు. చదివి, మడతపెట్టి, పెన్సిల్ ఉన్న జేబులో పెట్టుకున్నారు.

"మస్తు పెద్దోణ్ని చేసిండ్రు నన్ను," అన్నారు. అంతే. నా వైపు చూశారో లేదో, శుక్లాల కళ్లు కదా, చెప్పలేను.

ఆ తర్వాతి ఏడు నుంచి ఆయన చెప్పే తీరు మారింది. ముందు పేరు చెప్పి ఆగేవారు. "పేరు రాసినవా?" అని అడిగేవారు. "రాసిన సార్" అంటే అప్పుడు పని చెప్పేవారు. నేను రాసేదాన్ని, నిజంగానే రాసేదాన్ని. ఆయన లేచి పోయాక తీసేసేదాన్ని. మొదటి ఏడు జాలితో తీశాను. ఆ తర్వాత తీసింది జాలితో కాదు. పేర్లు పెడితే జాబితాలోంచి సారు పోతారు. తీసేస్తే ఆ గోడ మీద ఫొటో వస్తుంది. నేను ఫొటో వైపే మొగ్గాను.

ఆయనకు తెలిసి అలా అడిగేవారా, తెలియకనా? తెలిస్తే నన్ను ఎందుకు నిలదీయలేదు? తెలియకపోతే ప్రతి పేరుకూ ఎందుకు ఆగేవారు? ఇన్నాళ్లుగా ఆలోచిస్తున్నాను. ఒకరోజు ఇలా అనిపిస్తుంది, ఒకరోజు అలా.

మూడోరోజు పిట్టకు పెట్టారు. మా వైపు చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తారు. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. సారు వాళ్ల చెలక గట్టు మీద విస్తరి పెట్టి, మేమంతా దూరంగా నిలబడ్డాం. కాకి ఎదురుగా తీగ మీదే ఉంది. దిగదు.

మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చేసే సారు కొడుకు చేతులు జోడించి, "అమ్మను మంచిగ చూసుకుంట నాయినా, ఫికర్ వెట్టుకోకు," అన్నాడు. కాకి కదల్లేదు. కిష్టయ్య ముందుకొచ్చి, "రిటైరయ్యేదాక గిట్లనే నడుపుత సార్, ఒక్క గీత వడనియ్య," అన్నాడు. లేదు. ఒకరి తర్వాత ఒకరు ఏదేదో మాటిచ్చారు. ఎండ ముదురుతోంది. ఆ మిగిలిపోయింది ఏమిటో నా ఒక్కదానికే తెలుసనిపించింది.

"నేను పేర్లు తీసేసిన సార్," అన్నాను. గట్టిగానే అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. ఇక దాచలేక జరిగిందంతా అక్కడే చెప్పేశాను.

మొదట తేరుకున్నది యాదమ్మ. "అంటే, నేను చుట్టిన మోటార్లు సార్ చుట్టిండని రాసినవా?"

"రాసినట్టే అయింది."

"సార్‌కు ప్లగ్గు వెట్టరాదు గదనే!" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. యాదమ్మ నవ్వలేదు. "ఎన్నేండ్ల సంది?" అని అడిగింది. చెప్పాను. "గన్నేండ్లా," అని మొహం తిప్పుకుంది. నేను క్షమించమని అడగబోయాను. ఇంతలో కిష్టయ్య గడియారం చూసుకుని, "నా బస్సుకు టైమైతాంది," అన్నాడు. సరిగ్గా అప్పుడే కాకి దిగి విస్తరి ముట్టింది.

నా ఒప్పుకోలుకు దిగిందా, యాదమ్మ బాధకు దిగిందా, బస్సు టైముకా? దారి పొడుగునా అందరూ వాదించుకున్నారు. సారు బస్సు మనిషి కాబట్టి బస్సు మాటకే అని కిష్టయ్య ఇప్పటికీ అంటాడు.

ఆ వారంలోనే అమెరికాకు ఈమెయిల్ రాశాను. ఫారం జోలికి పోలేదు. సారు చనిపోయారని, ఆ పనులు ఆయన చేసినవి కావని, చేసినవాళ్ల పేర్లు ఇవీ అని, ఎన్ని కవర్లు దొరికితే అన్నీ ముందేసుకుని వరుసగా రాశాను. తప్పు నాదని రాశాను. పంపే మీట నొక్కేటప్పుడు, ఆ గోడ మీంచి సారు ఫొటోను నా చేత్తో దించుతున్నట్టే ఉంది. నొక్కాను.

జవాబు వచ్చింది. అక్కడి ఆఫీసులో ఎవరో ఒకావిడ, చాలా మర్యాదగా రాసింది. నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు, ఆ పేర్లు మేం వేయలేం, వాళ్లు మా దగ్గర చదివినవాళ్లు కారు కదా, ఆయన గురించి మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాం, ఆయన స్వయంగా చేసిందేమిటో ఒక్క వాక్యంలో రాయండి, కుటుంబం వాళ్లు చూసి సరే అన్నాక పంపండి అని.

సారు స్వయంగా ఏం చేశారు? ఎంత ఆలోచించినా తోచలేదు. ఇన్నేళ్లలో ఆయన్ని నేను ఆ ప్రశ్న ఒక్కసారైనా అడిగితే కదా! ఒక ఆదివారం దుకాణం మూసి, కాగితాలు పట్టుకుని బయల్దేరాను. యాదమ్మ దగ్గరికే ముందు పోయాను, తిట్టినా పడదామని. ఆమె మోటారు ముందేసుకుని రాగి తీగ చుడుతోంది. నా చేతిలో కాగితం చూసి, చేతులు తుడుచుకుని, "ఈ ఏడు ఇద్దరు ఆడివిల్లలకు పని నేర్పిన, రాసుకో," అంది. సార్ గురించక్కా అంటే, "సార్ గురించి ఏముంటది? వచ్చెటోడు, అడిగెటోడు," అంది. సువర్ణకు ఫోన్ చేస్తే ఆమె కూడా తన దవాఖాన సంగతులే చెప్పింది. కిష్టయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరిని సారు గురించి అడిగినా, అలవాటు కొద్దీ, వాళ్లు ఆ ఏడు ఏం చేశారో చెప్పుకుపోయారు. సాయంత్రానికి కాగితాలు నిండాయి. సారు గురించి ఒక్క ముక్క లేదు.

చివరికి ఆ వాక్యం నేనే రాశాను. "ఏటా అందరి దగ్గరికీ పోయి, ఈ ఏడు ఏం చేశావని అడిగి, చెప్పింది రాసుకునేవారు." ఇందులో అబద్ధం లేదనుకున్నాను. ఇంటివాళ్లు చూడాలి కాబట్టి సారు ఇంటికి పోయాను.

సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. మేం పోయినప్పుడల్లా చాయ్ పెట్టి తెచ్చి, లోపలికి పోయే మనిషి. ఆ రోజు వాకిట్లో చాప వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని, సంగతి చెప్పి, వాక్యం చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

"అందరి దగ్గరికి అంటే?" అంది.

"అందరి దగ్గరికేనమ్మా. చదివినోళ్లు, మధ్యల ఇడిసినోళ్లు, ఎవ్వర్ని ఇడిసిపెట్టలేదు గద సారు."

ఆమె ఇంకో రెండు గింజలు తీసింది. "నన్నడగలే," అంది.

పరాచికమేమోనని మొహం చూశాను. కాదు.

"ఏండ్లకేండ్లు బస్సులు వట్టుకొని తిరిగిండు. మాపటికొచ్చి, ఆమె గిట్ల చేసింది, ఈమె గట్ల చేసిందని నాకు జెప్పెటోడు. నేను అన్నం వెట్టుకుంట ఇనేదాన్ని. ఒక్కపారన్న నన్ను గూడ అడుగుతడేమో అని చూసిన. అడగలే." గొంతులో కోపం లేదు. చింతపండు బాగుందో లేదో చెప్పినట్టే చెప్పింది. "అందర్ని అన్న మాట తీసెయ్ బిడ్డా. అబద్ధమెందుకు, ఆయన గురించి."

నాకు సారు మీద కోపం వచ్చింది. స్మృతి వ్యాసంలో ఇలా రాయవచ్చో లేదో తెలియదు, కానీ వచ్చింది. ఆర్నెల్లు ఆయన్ని మంచం మీద లేపి కూర్చోబెట్టింది, మొహం కడిగింది, ముద్ద పెట్టింది ఈమె. అదే నోటితో ఒక్కసారి అడిగితే ఏం పోయింది? కోపంలోనే ఏడుపు వచ్చింది. నేనూ అడగలేదు కదా అని అప్పుడు తట్టింది. ఆ ఇంట్లో లెక్కలేనన్ని చాయ్‌లు తాగిన మేమెవరమూ అడగలేదు.

'అందరి' అన్న మాట కొట్టేశాను. తర్వాత కాగితం తిప్పి, వెనక ఖాళీ వైపు తొడ మీద పెట్టుకున్నాను.

"అమ్మా, ఈ ఏడు ఏం చేసిండ్రు?"

"ఎవరు, నేనా?" అంది. చేతులు ఆగిపోయాయి. "నిజంగ రాసుకుంటవా?"

"రాసుకుంటనమ్మా."

"మరి మొదలు పేరు రాయి."

పెన్సిల్ కాగితం మీద పెట్టి ఆగిపోయాను. ఆమె పేరు నాకు తెలియదు. ఆమె నా చెయ్యి వైపు చూస్తోంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అలాగే వంగి, "నీ పేరేందమ్మా?" అని అడిగాను.

"సత్తెమ్మ," అంది. "జర పెద్దగ రాయి, నాకు కండ్లు మంచిగ కనవడయ్."

పెద్దగా రాశాను. కాగితం తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. అంచుల్లో చింతపండు వేళ్ల గుర్తులు పడ్డాయి. తిరిగి నా ముందు పెట్టి, పేరు కింద ఉన్న తెల్లటి జాగా మీద వేలు ఆనించింది.

"ఈడికెళ్లి రాయి," అంది.